బడిలో వేధింపులు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా? ఏటేటా కొలిచే పద్ధతి

ఒక హైస్కూల్లో ఏడాదికి పది ఫిర్యాదులు వచ్చేవి, ఈ ఏడు ఇరవై వచ్చాయనుకుందాం. వేధింపులు రెట్టింపయ్యాయా? కాకపోవచ్చు. పిల్లలకు చెప్పుకునే ధైర్యం వచ్చి ఉండొచ్చు, కొత్తగా వచ్చిన టీచరు ఓపిగ్గా వినే మనిషి అయి ఉండొచ్చు. ఫిర్యాదులు సున్నాకు పడిపోయిన బడి ప్రశాంతంగా ఉందనీ అనుకోకూడదు. చెబితే ఇంకా కొడతారని భయపడి నోరు మూసుకున్నా రిజిస్టరు ఖాళీగానే ఉంటుంది. అందుకే రిజిస్టరు ఒక్కటే చూసి పోకడ తేల్చలేం. పిల్లలందరినీ, పేర్లు అడగకుండా, ఏటా అదే నెలలో, అవే మాటలతో అడగాలి. 6 నుంచి 10 దాకా తరగతులున్న ఏ బడైనా, ఏ గురుకులమైనా ఒక పీరియడ్‌లో, మనిషికి రెండు పేజీల కాగితంతో చేసుకోగల పని ఇది.

ఈ పద్ధతికి పునాది నార్వేలో పడింది. 1982 చివర్లో అక్కడ ముగ్గురు కుర్రాళ్లు ఆత్మహత్య చేసుకున్నారు. తోటి పిల్లల వేధింపులే కారణమై ఉంటాయని దేశమంతా కలత చెందింది, 1983లో ప్రభుత్వమే బడుల్లో ఉద్యమం మొదలుపెట్టింది. బెర్గెన్ నగరంలో డాన్ ఓల్వేయస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 42 బడుల్లోని సుమారు 2,500 మంది పిల్లలను 1983, 1984, 1985 సంవత్సరాల్లో ఒకే ప్రశ్నలతో అడిగారు. మూడుసార్లూ మే నెలలోనే అడిగారు. నెల మార్చకపోవడం, మాట మార్చకపోవడం అనే ఆ రెండు జాగ్రత్తలు ఉన్నందువల్లే, ఉద్యమం తర్వాత వేధింపుల్లో కనిపించిన తగ్గుదల నిజమైనదని చెప్పగలిగారు.

ముందు ఏది ఏమిటో విడదీసుకోండి

ఇద్దరు సమానులు ఆటలో గొడవపడి కొట్టుకుంటే అది కొట్లాట. వేధింపు అనాలంటే మూడు ఉండాలి: బాధ పెట్టాలనే ఉద్దేశం, మళ్లీ మళ్లీ జరగడం, ఎదురు తిరగలేని స్థితిలో ఒకరుండటం. బలం ఒంటిదే కానక్కర్లేదు. ఎక్కువమంది ఒకవైపు ఉండటం, సీనియర్ కావడం, పెద్దింటి బిడ్డ కావడం, కులబలం, చేతిలో ఒకరి ఫొటో ఉండటం, ఇవన్నీ బలాలే. కొట్లాటను, వేధింపును ఒకే ప్రశ్నలో కలిపితే ఒకటి తగ్గి మరొకటి పెరిగినప్పుడు మొత్తం అంకె కదలదు, మీకేమీ తెలియదు.

ఇలా ఒక్కో రకం ఒక్కో దిశలో కదలడం బయటి దేశాల లెక్కల్లో కనిపిస్తోంది. అమెరికా హైస్కూలు పిల్లల్లో ఏడాదిలో ఒక్కసారైనా కొట్లాటకు దిగామన్నవారు 1991లో 42 శాతం పైగా ఉంటే 2017కి 24 శాతానికి వచ్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం తోడ్పాటుతో 11, 13, 15 ఏళ్ల పిల్లల మీద నాలుగేళ్లకోసారి జరిగే సర్వేలో 2018కీ 2022కీ మధ్య బడిలో వేధింపులు పెద్దగా మారలేదు. ఫోన్లలో, ఆన్‌లైన్‌లో వేధింపులకు గురైనవారు మాత్రం అబ్బాయిల్లో 12 నుంచి 15 శాతానికి, అమ్మాయిల్లో 13 నుంచి 16 శాతానికి పెరిగారు. పాత ప్రశ్నలే అడుగుతూ కూర్చుంటే ఆ పెరుగుదల అసలు కంటపడేది కాదు.

కాగితం తయారు చేయడం

"నిన్ను ఎవరైనా వేధించారా?" అని ఒక్క ముక్కలో అడగొద్దు. ఆరో తరగతి పిల్లాడికి వేధింపు అంటే పోలీసు కేసు. రోజూ "పొట్టోడా" అని పిలిపించుకోవడాన్ని వాడు ఆ లెక్కలో వేసుకోడు. జరిగిన పనిని జరిగినట్టు రాసి అడగండి. కాగితం పైన "గత 30 రోజుల్లో, ఎదురు చెప్పలేని స్థితిలో నీకు ఇవి ఎన్నిసార్లు జరిగాయి?" అని ఒక వాక్యం, దాని కింద ఇవి:

- నాకు ఇష్టం లేని పేరుతో పిలిచారు, వెక్కిరించారు
- కొట్టారు, తోశారు, తన్నారు
- ఆటలోంచో జట్టులోంచో కావాలని పక్కన పెట్టారు, నాతో ఎవరినీ మాట్లాడనివ్వలేదు
- నా గురించి అబద్ధాలు ప్రచారం చేశారు
- డబ్బులు, వస్తువులు లాక్కున్నారు లేదా పాడు చేశారు
- కులం, మతం, రంగు, యాస, శరీరంలోని లోపం గురించి హేళన చేశారు
- బెదిరించి వాళ్ల పనులు నాతో చేయించుకున్నారు (హోంవర్కు రాయించడం, బట్టలు ఉతికించడం, నీళ్లు మోయించడం)
- నాకు ఇబ్బంది కలిగేలా అసభ్యంగా మాట్లాడారు, సైగలు చేశారు

ఒక్కోదానికి ఐదు గడులు: ఒక్కసారి కూడా లేదు, ఒక్కసారి, రెండు మూడు సార్లు, దాదాపు వారానికోసారి, వారంలో చాలాసార్లు. "అప్పుడప్పుడు", "తరచుగా" లాంటి మాటలు పెట్టకండి. ఒకరి అప్పుడప్పుడు ఇంకొకరికి తరచుగా అవుతుంది, ఏడాది తిరిగేసరికి అదే పిల్లాడికీ కొలత మారుతుంది. ఆరో అంశాన్ని ఇబ్బందిగా ఉందని తీసేసే బడులుంటాయి. తీసేయకండి, మన బడుల్లో జరిగే హేళనలో అది పెద్ద భాగం. ఇక్కడ "ఏ కులం" అని మాత్రం అడగొద్దు. ఆ వివరం చేరితే పేరు లేని కాగితం కూడా ఫలానా పిల్లవాడిదని తెలిసిపోతుంది.

ఫోన్ ప్రశ్నలు విడిగా, పాతవాటి తర్వాత పెట్టండి: తను లేని గ్రూపు పెట్టి తన గురించి మాట్లాడుకోవడం లేదా గ్రూపులోంచి తీసేయడం, ఫొటోను స్టిక్కరుగానో మీమ్‌గానో మార్చి తిప్పడం, తన పేరుతో దొంగ ఖాతా తెరవడం, మెసేజిలోనో ఆటలోని చాట్‌లోనో తిట్టడం, బెదిరించడం. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ అని యాప్ పేర్లు రాస్తే మూడేళ్లకు పిల్లలు ఇంకో దానికి మారిపోతారు, అప్పుడు ప్రశ్న మార్చాల్సి వస్తుంది. అందుకే పని పేరు రాయండి, యాప్ పేరు వద్దు. అలాగే "నీకు ఫోన్ ఉందా, ఇంట్లోవాళ్లది వాడతావా, అసలు వాడవా?" అన్న ఒక ప్రశ్న తప్పనిసరి. ఫోన్లున్న పిల్లలు పెరిగినందువల్ల అంకె పెరిగిందా, ఫోన్లున్నవారిలోనే వేధింపు పెరిగిందా అన్నది దీనితోనే తేలుతుంది.

తర్వాత అవే పనులను తిప్పి "నువ్వు ఇతరులకు ఇవి చేశావా?" అని అడగండి. ఇద్దరు సమానులు కొట్టుకోవడం గురించి ఒక ప్రశ్న, దీనికి మాత్రం గడువు 12 నెలలు, ఎందుకంటే నెలలో కొట్లాటలు తక్కువ. ఎక్కడ జరిగింది: తరగతి గది, వరండా, బాత్రూంల దగ్గర, భోజనం లైను, గ్రౌండ్, బడి దారి లేదా బస్సు, హాస్టల్ గది. ఎవరికి చెప్పావు: ఎవరికీ చెప్పలేదు, స్నేహితులకు, ఇంట్లో, టీచరుకు. చెప్పాక తగ్గిందా, అలాగే ఉందా, ఎక్కువైందా. ఈ చివరి ప్రశ్నే పెద్దలు తమను తాము చూసుకోవాల్సిన చోటు, దీన్ని వదిలిపెట్టొద్దు.

కాగితం మీద తరగతి, ఆడపిల్లా మగపిల్లవాడా, హాస్టలా ఇంటి నుంచా, ఈ మూడే ఉండాలి. పేరు, రోల్ నంబరు, సెక్షన్ వద్దు.

ఎప్పుడు, ఎలా

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నవంబరు చివరి వారం అనుకూలం. జూన్‌లో బడి తెరిచాక స్నేహాలూ శత్రుత్వాలూ ఒక కొలిక్కి వచ్చి ఉంటాయి, దసరా సెలవులు 30 రోజుల గడువులో పడవు, సంక్రాంతి సెలవులు ఇంకా రాలేదు. జూలైలో ఒక ఏడు, ఫిబ్రవరిలో ఇంకో ఏడు అడిగితే తేడా పిల్లలది కాదు, నెలలది. బడిలో పెద్ద గొడవ జరిగిన వారంలోనూ, వేధింపుల మీద ప్రార్థనలో ఉపన్యాసం చెప్పిన వారంలోనూ పెట్టకండి.

వారం ముందు తల్లిదండ్రులకు చీటీ పంపండి: ఏం అడుగుతాం, పేర్లు ఎందుకు అడగం, వద్దంటే ఎవరికి చెప్పాలి. పిల్లలకు కూడా ఇష్టం లేకపోతే ఖాళీ కాగితం మడిచి ఇవ్వొచ్చని చెప్పాలి. ఖాళీ కాగితం కూడా అందరిలాగే పెట్టెలో పడుతుంది కాబట్టి ఎవరు రాయలేదో బయటపడదు.

అన్ని తరగతులూ ఒకే రోజు, ఒకే పీరియడ్‌లో రాయాలి. మొదటి బ్యాచ్ బయటికొచ్చి రెండో బ్యాచ్‌కు ప్రశ్నలు చెప్పే అవకాశం ఉండకూడదు. గదిలో ఆ తరగతి టీచరు ఉండొద్దు, వేరే తరగతికి చెప్పేవారు రావాలి. పరీక్షలో కూర్చున్నట్టు ఎడంగా కూర్చోబెట్టండి. పక్కవాడు తొంగి చూస్తాడని తెలిస్తే వేధింపుకు గురైనవాడు "లేదు" అనే గడిలోనే టిక్ పెడతాడు. అందరికీ ఒకేలాంటి పెన్ను ఇవ్వండి. చదవడంలో వెనకబడినవారి కోసం ప్రతి ప్రశ్నా గట్టిగా, నెమ్మదిగా చదవండి, కానీ గదిలో తిరగకండి. రాసిన కాగితాన్ని పిల్లలే మడిచి, మూతకు సన్నని చీలిక పెట్టిన అట్టపెట్టెలో వేయాలి. గూగుల్ ఫారం తేలికే, కానీ ల్యాబ్‌లో పక్కపక్కనే తెరలుంటాయి, లాగిన్‌తో పేరు బయటపడుతుంది. ఒక ఏడు కాగితం, మరుసటి ఏడు ఫారం అయితే పోల్చడానికి అసలే వీలుండదు.

ఆ రోజు రానివాళ్ల సంగతి ముఖ్యం. వేధింపులు పడే పిల్లలే బడి ఎక్కువగా ఎగ్గొడతారు. వాళ్లను వదిలేస్తే అంకె ఉన్నదానికంటే తక్కువ వస్తుంది. వారంలోపు ఇంకో రోజు, రానివారందరినీ కలిపి ఒకే గదిలో రాయించండి. నమోదైనవారు ఎంతమంది, రాసినవారు ఎంతమంది అన్నది తరగతివారీగా రాసిపెట్టుకోండి. రాసినవారు 90 శాతానికి తగ్గితే ఆ ఏటి అంకె పక్కన ఆ మాట స్పష్టంగా ఉండాలి.

లెక్కపెట్టడం

మొదటి ఏడే ఒక గీత గీసుకుని, దాన్ని మార్చకండి. ఏదైనా ఒక పని "రెండు మూడు సార్లు" లేదా అంతకంటే ఎక్కువ జరిగిందన్న పిల్లలను వేధింపుకు గురైనవారిగా లెక్కించండి. ఓల్వేయస్ ప్రశ్నావళిలోనూ నెలకు రెండు మూడు సార్లు అన్నదే హద్దు. "ఒక్కసారైనా" లెక్కను పక్కన విడిగా రాయండి. ఫోన్ విషయంలో మాత్రం ఈ రెండో లెక్కకే బరువెక్కువ: ఒక్కసారి పెట్టిన ఫొటో నలభై మంది చూసి ఇంకో నలభై మందికి పంపితే, చేసినవాడికి అది ఒక్కసారి, పడినవాడికి అది రోజూ. ఫోన్ అంకెను బడి అంకెకు కూడి ఒక్కటి చేయొద్దు. ఫోన్లో ఏడిపించబడే పిల్లల్లో చాలామందిని బడిలోనూ ఏడిపిస్తుంటారు, కూడితే ఒకరే రెండుసార్లు పడతారు.

జవాబు రాయని గడిని "లేదు"గా లెక్కించకండి, ఆ ప్రశ్నకు ఆ కాగితాన్ని పక్కన పెట్టండి. తమాషాకు అన్నింటికీ చివరి గడిలోనే టిక్ పెట్టేవారు కొందరుంటారు. తనకు జరిగినవాటిలోనూ, తను చేసినవాటిలోనూ మొత్తం చివరి గడే ఉన్న కాగితాలు తీసేయాలి అని ముందే నియమం రాసుకుని, ఎన్ని తీశారో చెప్పండి. కాగితాలు చూశాక నియమం పెట్టుకుంటే మనకు నచ్చని జవాబులే తీసేస్తాం.

పదిమంది కంటే తక్కువ ఉన్న గుంపుకు అంకె ఇవ్వకండి. "తొమ్మిదో తరగతి హాస్టల్ ఆడపిల్లల్లో 50 శాతం" అన్నప్పుడు ఆ గుంపులో నలుగురే ఉంటే ఆ ఇద్దరెవరో సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది.

పోల్చేటప్పుడు పొరపాట్లు జరిగే చోట్లు

మొదటిది వయసు. వేధింపుకు గురయ్యేవారు సాధారణంగా చిన్న తరగతుల్లో ఎక్కువ, పెద్ద తరగతుల్లో తక్కువ. ఉదాహరణకు ఆరులో 30 శాతం, పదిలో 12 శాతం అనుకుందాం. ఒక ఏడు ఆరులో 50 మంది, పదిలో 100 మంది ఉంటే వేధింపు పడినవారు 15, 12, మొత్తం 150లో 27 మంది, అంటే 18 శాతం. మరుసటి ఏడు ఆరులో 100, పదిలో 50 అయితే 30, 6, మొత్తం 36 మంది, అంటే 24 శాతం. ఏ తరగతిలోనూ ఏదీ మారలేదు, కానీ బడి అంకె ఆరు పాయింట్లు ఎగబాకింది. కాబట్టి ఏ తరగతిని ఆ తరగతితోనే పోల్చాలి, నిరుటి ఏడో తరగతిని ఈ ఏటి ఏడో తరగతితో. అదే పిల్లలను ఏడు నుంచి ఎనిమిదికి వెంబడించి "తగ్గింది" అంటే, వయసు వల్ల తగ్గినదాన్ని మన కార్యక్రమం ఖాతాలో వేసుకున్నట్టే. బెర్గెన్‌లో పోల్చింది కూడా ఒకే వయసు పిల్లలనే.

రెండోది చిన్న సంఖ్యల ఊగిసలాట. అంకె 20 శాతం దగ్గర ఉన్నప్పుడు 100 మంది రాసిన బడిలో రెండేళ్ల మధ్య 11 పాయింట్ల దాకా తేడా కేవలం యాదృచ్ఛికంగా రావచ్చు. 200 మందైతే 8 పాయింట్లు, 400 మందైతే 5.5 పాయింట్లు. ఒకే గదిలోని పిల్లల అనుభవాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి నిజానికి ఈ హద్దు ఇంకొంచెం ఎక్కువే. 22 నుంచి 18కి వచ్చిందని సన్మానాలు వద్దు, 18 నుంచి 22కి పోయిందని టీచర్ల మీద విరుచుకుపడటం అంతకంటే వద్దు. మూడేళ్ల అంకెలు ఒకే దిశలో కదిలితే అప్పుడు మాట్లాడండి. చిన్న బడులు మూడేళ్లవి కలిపి, తర్వాతి మూడేళ్లతో పోల్చుకోవడం మేలు.

మూడోది అసాధారణ సంవత్సరాలు. అమెరికాలో బడిలో వేధింపుకు గురయ్యామన్న హైస్కూలు పిల్లలు 2019లో 20 శాతం దగ్గర ఉండి, 2021లో 15కు పడి, 2023లో 19కి తిరిగొచ్చారు. 2021లో పిల్లలు మంచివాళ్లు కాలేదు, బడికే సరిగా వెళ్లలేదు. మన దగ్గరా 2020 మార్చిలో మూతపడిన బడులు పూర్తిగా కుదురుకోవడానికి చాలాకాలం పట్టింది. వరదలకు బడి నెల్లాళ్లు మూతపడిన ఏడైనా, రెండు బడులు కలిపేసిన ఏడైనా, దాన్ని ప్రారంభ సంవత్సరంగా పెట్టుకోకండి. ఆ ఏటి అంకె పక్కన కారణం రాయండి.

నాలుగోది ప్రశ్న సవరణ. రెండో ఏడు ఎవరో ఒకరు "ఈ వాక్యం ఇంకా బాగా రాయొచ్చు" అంటారు. రాయొచ్చు, కానీ పాతది తీయకుండా, కొత్తది చివర చేర్చి, రెండేళ్లు రెండూ అడగండి. ప్రశ్నల వరుస కూడా మార్చొద్దు.

ఐదోది, కార్యక్రమం మొదలైన మొదటి ఏడు వచ్చే పెరుగుదల. పక్కన పెట్టడం కూడా వేధింపేనని తెలుసుకున్న పిల్లలు నిరుడు రాయనిది ఈ ఏడు రాస్తారు. అప్పుడు అంశాలవారీగా చూడండి. కొట్టడం, లాక్కోవడం లాంటి స్పష్టమైన పనులు పెరగకుండా పుకార్లు, పక్కన పెట్టడం మాత్రమే పెరిగితే అది ఎక్కువగా తెలివిడి వల్ల వచ్చిన పెరుగుదలే. అన్నీ కలిసి పెరిగితే నిజంగానే పరిస్థితి చెడింది.

ఇప్పుడు ఫిర్యాదుల రిజిస్టరు తీయండి. సర్వే అంకె తగ్గి ఫిర్యాదులు పెరిగితే పిల్లలకు మీ మీద నమ్మకం కుదిరినట్టు, దారి సరైనదే. సర్వే నిలకడగా ఉండి ఫిర్యాదులు పెరిగినా మంచిదే. సర్వే పెరుగుతూ ఫిర్యాదులు తగ్గితే వెంటనే కదలాలి: పిల్లలు బాధపడుతున్నారు, మీకు చెప్పడం మానేశారు. అక్కడ "చెప్పాక ఎక్కువైంది" అన్న జవాబులు ఎన్నో చూడండి. చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది: ఫిర్యాదు చేసిన పిల్లను, ఏడిపించినవాడిని ఎదురెదురుగా నిలబెట్టి క్షమాపణ చెప్పించడం, చెప్పినవారి పేరు తరగతిలో బయటపెట్టడం, కొట్టి శిక్షించడం. కొట్టడం, మానసికంగా హింసించడం విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ నిషేధించినవి. పైగా కొట్టిన దెబ్బకు కసి ఫిర్యాదు చేసినవాడి మీదే తీరుతుంది.

బాధ బయటపడితే

పేరు లేని కాగితం ద్వారా ఎవరూ సాయం అడగలేరు. అందుకని ప్రతి కాగితంతో విడిగా ఒక చిన్న చీటీ ఇవ్వండి: "నాతో మాట్లాడండి" అని, కింద పేరు రాసుకునే చోటు. అక్కర్లేనివారు ఖాళీగా మడిచి వేస్తారు. ఆ చీటీలు వేరే పెట్టెలో పడాలి, అదే రోజు చూడాలి, పేరు రాసిన పిల్లలతో రెండు రోజుల్లో ఒంటరిగా, తరగతిలోంచి అందరి ముందూ పిలవకుండా మాట్లాడాలి. పిల్లలు ఇంటికి తీసుకెళ్లేలా పిల్లల సాయానికి 1098 చైల్డ్ హెల్ప్‌లైన్, మానసిక ఆరోగ్య సాయానికి 14416 టెలి మానస్, ఆన్‌లైన్ నేరాలకు 1930, ఈ మూడు నంబర్లు అచ్చువేసి ఇవ్వండి.

సర్వేలో లైంగిక దాడి వివరాలు అడగకండి. పిల్లలెవరైనా చీటీ ద్వారానో నోటితోనో అలాంటిది చెబితే అది బడిలో సర్దుబాటు చేసుకునే విషయం కాదు. పోక్సో చట్టం 2012లోని 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవారు పోలీసులకో, ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద అదే నేరం. "బడి పరువు" అనే మాట అక్కడ చెల్లదు. అసభ్య ఫొటోలు తిరుగుతుంటే వాటిని సాక్ష్యం పేరుతో టీచర్ల గ్రూపులో పంచుకోవద్దు, పిల్లల అసభ్య చిత్రాలు పంపడం ఐటీ చట్టం 67బి కింద నేరం. ఫోన్ను అలాగే ఉంచి, ఖాతా పేరు, తేదీ, సమయం రాసుకుని పోలీసులకు అప్పగించండి.

సర్వే అంకెలతో మొదట చేయాల్సిన పని చోటును మార్చడం, అది చవక, వెంటనే ఫలిస్తుంది. బాత్రూంల దగ్గర అని ఎక్కువమంది రాస్తే ఇంటర్వెల్‌లో అక్కడ ఒక టీచరు నిలబడాలి. భోజనం లైను అయితే తరగతికో పది నిమిషాల తేడా పెట్టాలి. హాస్టల్ గది అయితే రాత్రి రౌండ్ల వేళ మార్చాలి, సీనియర్లను జూనియర్ల గదిలో పెట్టే అలవాటు ఆపాలి. మరుసటి నవంబరులో "ఎక్కడ" ప్రశ్నకు జవాబులు ఆ చోటు నుంచి తగ్గి ఇంకో చోటికి జరిగాయేమో చూడండి. అలా జరగడం మామూలే, కాపలాను కూడా దానితో పాటు జరపాలి.

ఫలితాలు నెలలోపు పిల్లలకు, తల్లిదండ్రుల కమిటీకి చెప్పండి. ఏం జరిగిందో చెప్పకుండా మళ్లీ కాగితం ఇస్తే రెండో ఏడు పిల్లలు మనసుపెట్టి రాయరు. లెక్క ముగిశాక కాగితాలను బీరువాలో తాళం వేసి, మరుసటి ఏడు పోలిక పూర్తయ్యాక చించేయండి. ఉంచాల్సింది నాలుగే: ఖాళీ ప్రశ్నాపత్రం ప్రతి, తరగతివారీ అంకెల పట్టిక, లెక్క నియమాలు రాసిన పేజీ, ఆ ఏడు బడిలో జరిగిన మార్పుల చిట్టా. హెడ్మాస్టరు బదిలీ అయినప్పుడు చార్జి లిస్టులో ఈ ఫైలు పేరు కూడా రాయించండి. చాలా బడుల్లో ఈ వరుస తెగిపోయేది ఆ రోజే.